తెల్లమూత డబ్బా

పూసలాయన నోట ఎప్పుడూ నానే సామెత ఒక్కటే. గురివింద గింజ తన కింద నలుపెరగదని. బేరమాడి వంకపెట్టి వెళ్ళిపోయేవాళ్ళ వీపు మీదికి దాన్నే విసిరేవాడు. ఎదురుకొట్టు అద్దాలవాడి మీదికీ అదే, కోడలి మీదికీ అదే. ఎర్రటి ఒంటికి నల్ల మచ్చ ఉన్న పూసలు గోడనిండా వేలాడుతున్న కొట్టులో కూర్చుని ఆ మాట అంటుంటే విన్నవాళ్ళకు నవ్వొచ్చేది. ఆయన నవ్వేవాడు కాదు. భార్య పోయాక ఆయన నవ్వగా ఎవరూ చూడలేదు. అంతకుముందు చూశామని గట్టిగా చెప్పగలిగినవాళ్ళు కూడా లేరు.

కొట్టు ఇరుకు. కూర్చుని చేతులు చాపితే రెండు గోడలూ వేళ్ళకు తగులుతాయి. గోడలకు మేకులు, మేకులకు దండలు. బల్ల మీద మైనం ముద్ద, సూదులు గుచ్చిన గుడ్డ దిండు, చిన్న పట్టకారు, మూత బిగుసుకుపోయిన జిగురు సీసా. వెనక ఒక గది, దాని వెనక పెరడని పిలుచుకునే జానెడు జాగా. కొట్టు పెట్టింది భార్య. దండలు ఆమె గుచ్చేది. ఆయన కొక్కేలు బిగించేవాడు, కొనేవాళ్ళతో పోట్లాడేవాడు. ఆమె పోయాక గుచ్చే పని కూడా ఆయన మీదే పడింది. కోడలికి నేర్పవచ్చు, నేర్పలేదు. ఇంకొకరి చేతి ముడి మీద ఆయనకు నమ్మకం లేదు. కొడుకు లారీ నడుపుతాడు, ఇంటికొచ్చిన రోజు నిద్రపోతాడు. కోడలు కొట్టు తుడుస్తుంది, పూసలు ఏరుతుంది, మామగారి నోటికి జడిసి నోరు మూసుకుంటుంది.

పోయినావిడకు మూడు పట్టింపులుండేవి. పూసకూ పూసకూ నడుమ ముడి పడి తీరాలి. దారం తెగితే ఒక్క పూసే రాలాలి, దండంతా రాలకూడదు. రెండోది, గుచ్చబోయే ముందు గుప్పెట్లోంచి ఒక పూస తీసి కింది పెదవికి ఆనించాలి. గాజైతే చల్లగా తగులుతుంది. కర్రా, గింజా, ప్లాస్టిక్కూ అలా తగలవు. మూడోది, అసలు గురివింద గింజకు ఈ ఇంట్లో బెజ్జం పడకూడదు.

"బెజ్జం పడనంతసేపే అది గింజ. పడితే విషం," అనేది.

గింజ పైతోలు రాయిలాంటిది. పొరపాటున మింగినా చాలాసార్లు అలాగే బయటికి వచ్చేస్తుంది. తోలుకు చిల్లు పడిందంటే మాత్రం చంటిబిడ్డకు ఒక్క గింజ చాలు. అందుకని ఆమె ఉన్నన్నాళ్ళూ కొట్టులో గింజలకు చోటు లేదు, అదే రూపంలో పోతపోసిన గాజు పూసలే అమ్మేవాళ్ళు. ఆ మూడింటిలో మొదటిదాన్ని ఆయన పాటించాడు, వేళ్ళకు అలవాటైపోయింది కనుక. రెండోదాన్ని ఆమె ఉండగానే ఎగతాళి చేసేవాడు, మొగుడికి పెట్టని ముద్దులు పూసలకు పెడుతున్నావని. మూడోది నాటకాల కంపెనీ వచ్చి తప్పించింది.

ఆ కంపెనీలో వేషాల సామాను చూసే మనిషి ఒకడున్నాడు. ఆటలో రాజకుమారికి దండకడియాలు కావాలన్నాడు. గాజువైతే బరువు, పైగా చెయ్యి కదిపినప్పుడల్లా చప్పుడు మైకులో వినబడుతుంది, కాబట్టి అసలు గింజలే కావాలన్నాడు. పూసలాయన ఒప్పుకున్నాడు. కోడల్ని పుట్టింటికి పంపించి, పెరట్లో కూర్చుని, ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని, కాల్చిన సూదితో గింజ గింజకూ బెజ్జం వేశాడు. వాటిని తెల్లమూత డబ్బాలో పోశాడు. గాజువి పసుపుమూత డబ్బాలో ఉన్నాయి. రెండూ ఒకే అరమీద పక్కపక్కన పెట్టాడు. కోడలు తిరిగి వచ్చాక ఒకే ఒక్కసారి చెప్పాడు, పసుపుమూత గాజు, తెల్లమూత గింజ, తెల్లమూత జోలికి పోవద్దని. ఎందుకు పోవద్దో కూడా చెప్పాడు. కోడలి ముఖం పాలిపోయింది.

ఆ వారంలోనే ఒకావిడ వచ్చింది, చంకలో ఆడపిల్ల. పిల్ల వేలాడే దండలన్నీ గుంజుతోంది, చేతికందినదల్లా నోట్లో పెట్టుకుంటోంది. గురివింద పూసల దండ ఒకటి పొడుగ్గా కావాలని, ఒళ్ళో పిల్ల ఆడుకోవడానికి అందేలా ఉండాలని ఆవిడ చెప్పింది. కొలతకని వెంట తెచ్చిన దారపు ముక్క బల్ల మీద పెట్టింది, ఎంతవరకో తెలియడానికి దానికొక ముడి వేసుంది. పిల్ల నోట్లోంచి ఒక దండ లాగుతూ, రంగు దిగదు కదా అని అడిగింది.

"గాజమ్మా. నమలనీ. పళ్ళు విరిగితే మాత్రం నన్నడక్కు," అన్నాడు పూసలాయన.

"ఉన్నవే రెండండీ," అని ఆవిడ నవ్వింది.

ఆయన దండ గుచ్చి ఇచ్చాడు. అది మెళ్ళో వేసుకుని, పిల్లనెత్తుకుని ఆవిడ వెళ్ళిపోయింది. ఆమె ఎవరో, ఏ వీధో ఆయన అడగలేదు. పూసలు కొనేవాళ్ళ వీధులతో ఆయనకేం పని.

వేషాల మనిషి దండకడియాలు పట్టుకుని తిరిగి వచ్చిన పొద్దున, పూసలాయన కొట్టు ముందు నీళ్ళు చల్లిస్తున్నాడు. అతగాడు కోపంగా రాలేదు. నవ్వుకుంటూ వచ్చాడు, అదే ఎక్కువ మంట పుట్టించింది.

"పెద్దాయనా, ఇవి కట్టాల్సింది మా రాజకుమారికి కాదు, ఎడ్లకి. అడుగు తీసి అడుగేస్తే గలగల. ప్రేమగా మాట్లాడే చోట బండి పోతున్నట్టుంది."

"ఆడలేక మద్దెల ఓడంది ఇలాంటిదే ఎవతో."

"మద్దెల సంగతి తర్వాత. నేను గింజలడిగాను, నువ్వు గాజిచ్చావు. ఊపి చూడు."

పూసలాయన ఊపాడు. చెవి బాగానే ఉంది. గలగలమంది. నమ్మకం లేక మళ్ళీ ఊపాడు. తర్వాత, ఎన్నాళ్ళుగానో ఎగతాళి చేసిన పని చేశాడు. ఒక పూసను కింది పెదవికి ఆనించాడు. పొద్దుటి చలిలో అది మంచుబిళ్ళలా తగిలింది.

వేషాల మనిషి ఇంకా ఏదో చెబుతున్నాడు. ఆట ఎప్పుడో, రాజకుమారి వేసేవాడికి మోచేతి దగ్గర ఎంత దురదో. పూసలాయనకు పెదవుల కదలికే తప్ప మాట వినబడటం లేదు. గింజలు వెళ్ళాల్సిన చోటికి గాజు వెళ్ళింది. అయితే గాజు వెళ్ళాల్సిన చోటికి ఏం వెళ్ళింది? ఈ మధ్య ఆయన ఆ రెండు డబ్బాల్లోంచి తీసి చేసినవి రెండే. ఒకటి రాజకుమారి చేతికి, ఒకటి పిల్ల తల్లి మెళ్ళోకి.

నమలనీ, అన్నాడు తను.

వేషాల మనిషిని పొమ్మన్నాడు. ఆ పొమ్మన్న తీరు చూసి అతను రెండోమాట లేకుండా కడియాలు అక్కడే వదిలి వెళ్ళిపోయాడు.

పూసలాయనకు భయం వేసినప్పుడు ముందుగా వచ్చేది కోపం. ఆయనలాంటివాళ్ళకు అదొక సుఖం, ఎవరో ఒకరు దొరుకుతారు. డబ్బాలు ఎవరు కదిపారని కోడల్ని అడిగాడు. అరమీద దుమ్ముంటే దించి తుడిచి మళ్ళీ పెట్టానంది. ఎడంపక్కది కుడిపక్కన పెట్టావా అని అడిగాడు. పెట్టుంటాను, మూతలున్నాయి కదా అనుకున్నానంది. ఇక ఆయన మొదలుపెట్టాడు. ఆమె కళ్ళు ఎక్కడ పెట్టుకుందో అడిగాడు, పెంచినవాళ్ళనూ తిట్టాడు. పసిబిడ్డ ఉసురు ఈ ఇంటికి తగలబోతోందన్నాడు. చివరికి తన సామెత కూడా అన్నాడు.

కోడలు అన్నీ విన్నది. తర్వాత అరమీది రెండు డబ్బాలూ దించి, మూతలు రెండూ ఊడదీసి ఆయన ముందు బల్ల మీద పెట్టింది.

"మామయ్యా, ఇందులో తెల్లమూత ఏది?"

ఆయన చూశాడు. రెండూ పసుపుపచ్చగానే ఉన్నాయి. కొంతకాలంగా అన్నీ అలాగే ఉంటున్నాయి. గోడ సున్నం, పాలు, తన చొక్కా, అన్నిటికీ అదే పాత నూనె రంగు పట్టింది. సున్నం పాతబడిందనుకున్నాడు, కోడలు చొక్కా సరిగ్గా ఉతకడం లేదనుకున్నాడు. డబ్బాలను ఆయన రంగును బట్టి తియ్యలేదు, ఎడమది గాజు, కుడిది గింజ అని చోటును బట్టి తీశాడు. ఆ మాట తనకు తానే ఎప్పుడూ చెప్పుకోలేదు.

వేలితో ఒకదాన్ని చూపించాడు.

కోడలు రెండోదాన్ని తీసింది. దాన్ని గింజల డబ్బాకు పెట్టి గట్టిగా నొక్కింది. పూసలాయన తల దించుకుని కూర్చున్నాడు, ఆ సామెత ఇప్పుడు తన మీదికి ఎప్పుడొచ్చి పడుతుందా అని. రాలేదు.

"ముందు ఆ పిల్ల ఇల్లు కనుక్కుందాం పదండి. తిట్లెక్కడికి పోతాయి," అంది కోడలు.

కనుక్కోవడం ఎలా? ఆవిడ పేరు తెలియదు, ఊళ్ళో పిల్లల తల్లులు ఎందరో. కోడలు కూడా ఆవిణ్ణి అంతకుముందు చూడలేదు. పూసలాయన చెయ్యి అలవాటుగా పక్క గోడకు పోయింది. దండ అయిపోయాక కొలత దారాలను పారెయ్యడం ఆయనకు చేతకాదు, ఒక మేకుకు తగిలిస్తాడు. ఆ గుత్తిలో పైనున్నదాన్ని లాగాడు. కళ్ళతో చూడలేదు, బొటనవేలితో ముడి తడిమాడు. బతుకంతా ముళ్ళు వేసినవాడు. దర్జీ ముడి తెలుసు, మూటలు కట్టేవాడి ముడి తెలుసు. ఇది రెండు మెలికలు తిరిగి, గట్టిగా కూర్చుని, ఎటు లాగినా జారడం లేదు.

"వల ముడి," అన్నాడు.

"దారం ఆకుపచ్చ నైలాన్, మామయ్యా. వలదే."

కొట్టుకు తాళం వేశారో లేదో తర్వాత ఇద్దరికీ గుర్తులేదు.

వలలు అల్లేవాళ్ళ వీధి నీటి ఒడ్డున, ఊరి చివర. చాలా దూరం. ఆయన ముందు నడిచేవాడు ఎప్పుడూ, ఆ రోజు కోడలి వెనక నడిచాడు. కాళ్ళు ముందుకు వేస్తుంటే గుండె వెనక్కి లాగుతోంది. దారిలో ఏడ్చే ప్రతి పిల్ల గొంతూ ఆయనకు ఊరటగా ఉంది, ఏడుస్తోందంటే బతికుంది కదా అని. మరుక్షణం, అది ఈ పిల్ల కాదు కదా అని. పళ్ళు వచ్చే పిల్లకు చిగుళ్ళు దురద, కనిపించిందల్లా కొరుకుతుంది. బెజ్జం వేసిన గింజ కొరికితే ఎంతసేపు? కక్కులు మొదలవుతాయనేది భార్య. తర్వాత ఏమవుతుందో ఆమె చెబుతుంటే ఆయన సగం విని లేచిపోయేవాడు. ఇప్పుడు మిగతా సగం కావాలి, చెప్పే మనిషి లేదు.

వీధి మొదట్లో ఆగిపోయాడు. ఎదురుగా ఒక మనిషి వస్తున్నాడు. రెండు చేతులమీదా అడ్డంగా, గుడ్డ చుట్టిన చిన్న మూట. మనిషి మెల్లగా, వంగి నడుస్తున్నాడు. వెనక నలుగురు మగవాళ్ళు, ఎవరూ మాట్లాడుకోవడం లేదు. చనిపోయిన చిన్నపిల్లలను అలాగే తీసుకుపోతారు. పూసలాయన గోడ పట్టుకున్నాడు. పారిపోదామనిపించింది. నిజంగానే ఒక అడుగు వెనక్కి వేశాడు. కోడలు తిరిగి చూసి ఆయన చెయ్యి పట్టుకుంది.

"మంచుగడ్డ, మామయ్యా. చేపలకి."

ఆ మనిషి పక్కనుంచే పోయాడు. మూటలోంచి నీళ్ళు కారుతున్నాయి. చల్లటి గాలి ఒక్కసారి ముఖానికి కొట్టింది. కోడలు ఆయన చెయ్యి మళ్ళీ వదలలేదు. ఆయన కూడా విడిపించుకోలేదు.

చంటిదాన్నెత్తుకుని ఎర్రపూసల దండ వేసుకున్నావిడ ఎవరని అడిగితే, వీధిలో మొదటి గుమ్మంలోనే చెప్పారు. చివరి నుంచి రెండో ఇల్లు, మొగుడు పడవ మీద వేటకు పోయాడు, ఆవిడ ఇంట్లో వల బాగుచేస్తూ ఉంటుందన్నారు. దండ బాగుందని, అలాంటిది తామూ చేయించుకుంటామని కూడా అన్నారు.

గుమ్మం తీసే ఉంది. లోపల చీకటి, ఆయన కళ్ళకు ఇంకా చీకటి. కుప్పలుగా పోసిన వలలు, వాటి మధ్య ఎవరో కూర్చున్న ఆకారం. చెయ్యి పట్టుకున్న కోడలి వేళ్ళు ఒక్కసారిగా బిగుసుకున్నాయి. ఆమె ఏం చూసిందో ఆయనకు కనబడలేదు, వినబడింది.

టిక్. చిన్న చప్పుడు. మళ్ళీ టిక్.

పంటికి గింజ తగిలే చప్పుడు.

కోడలు అరవలేదు. గబగబా వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని, పిల్ల నోట్లో వేలు పెట్టి దండ బయటికి తీసింది. పిల్ల ఏడుపు లంకించుకుంది. తల్లి ఉలిక్కిపడి పిల్లను వెనక్కి లాక్కుంది. ఎవరు మీరు, ఇదేం పని అంది. గుమ్మంలో నిలబడ్డ పూసలాయనను అప్పుడు గుర్తుపట్టింది.

"దండ తియ్యమ్మా. అది గాజు కాదు," అన్నాడు ఆయన.

"నమలనీ అన్నది మీరే కదా?"

"అన్నాను. గింజలవి. బెజ్జం వేసిన గింజలు. విషం."

ఆమె దండను తల మీదుగా తీసిన తీరు చూస్తే పామును తీసి పారేసినట్టుంది. పూసలాయన దాన్ని అందుకుని గుమ్మం దగ్గరే కూలబడ్డాడు. వేళ్ళతో మొదలుపెట్టాడు. ముడి, గింజ, ముడి, గింజ. ప్రతి గింజనూ గోటితో చుట్టూ తడిమాడు, పంటిగాటు ఉందా, తోలు పగిలిందా అని. తడిగా ఉన్నవి ఉన్నాయి. గాటున్నది లేదు. ముడి, గింజ, ముడి. సగం దాటాక ఊపిరి కొంచెం ఆడింది. ఆ తర్వాత వేలు ఆగిపోయింది. తన ముడికీ తన ముడికీ నడుమ గింజ ఉండాల్సిన చోట గింజ లేదు. ఇంకో ముడి ఉంది. రెండు మెలికలు తిరిగి, ఎటు లాగినా జారనిది.

"ఇక్కడ ఒకటి లేదు," అన్నాడు.

నిన్న వల సూదికి తగులుకుని దారం తెగిందని ఆమె చెప్పింది. తెగినచోట ముడి వేసుకున్నానంది. ఒకటి పోతే పోయిందిలే అనుకుందట. అప్పుడు పిల్ల ఎక్కడుందని కోడలు అడిగింది. ఒళ్ళోనే ఉందంది. పిల్ల కక్కిందా అని అడిగింది.

"పొద్దున పాలు కక్కింది. పిల్లలు కక్కరా ఏంటి," అంది ఆమె. ఆ మాట నోట్లోంచి బయటికి వచ్చాక అదేమిటో ఆమెకు అర్థమైంది. ఇక ఎవరి ముఖమూ చూడకుండా పిల్లను గుండెకు అదుముకుని, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ గింజను చూసింది, పిల్ల కళ్ళు చూసింది, కడుపు నొక్కి చూసింది. దీనికి విరుగుడు మందంటూ లేదని, లక్షణాలు కనబడితే వాటికి వైద్యం చెయ్యడమేనని, కనబడతాయేమో కనిపెట్టుకుని ఉండాలని చెప్పింది. పూసలాయనకు కనిపెట్టుకుని ఉండడం ఒక్కటే వినబడింది. వార్డులోకి ఆయన్ను పిల్ల తల్లి రానివ్వలేదు. రావద్దని అనను కూడా అనలేదు, తలుపు వేసింది. ఆయన బయట బల్ల మీద కూర్చున్నాడు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడ్డాడు. వచ్చింది నర్సైతే కూర్చున్నాడు. పిల్ల ఏడిస్తే కడుపు నొప్పేమో అని, ఏడవకపోతే ఇంకేమో అని, రెంటికీ వణికాడు. భార్య ఇలాంటి తలుపు వెనకే పోయింది. అప్పుడు ఆయన ఎవరి మీద కోపగించుకోవాలో వెతుక్కుంటూ గడిపాడు, డాక్టరు మీద, కొడుకు మీద, దేవుడి మీద. ఇప్పుడు వెతుక్కునే పని లేదు.

ఆ మధ్యలో కోడలు వాళ్ళింటికి వెళ్ళి నేలంతా ఊడ్చింది. తాపీ ఊడిపోయిన సందుల్లో పుల్లతో గీకింది. గింజ దొరకలేదు. ఊడవగలిగింది నేలనే, వలలను కాదు. గదిలో సగం పైగా వలలే, ఏ కంటిలో ఏం చిక్కుకుందో ఎవరికి తెలుస్తుంది.

పిల్లకు ఏమీ కాలేదు. కక్కులు లేవు, జ్వరం లేదు. కడుపులోంచి గింజ బయటికి రానూ లేదు. డాక్టరమ్మ పంపించేస్తూ, మింగి ఉండదనే అనుకుంటున్నానంది. అయితే అది ఇంట్లోనే ఎక్కడో ఉంటుంది, పాకే పిల్ల ఉన్న ఇల్లు, వెతుక్కోండి అంది. ఆ మాటతో తల్లికి కొత్త భయం మొదలైంది. ఆ రోజు నుంచి పిల్లను నేలమీద దించలేదు. వీపున కట్టుకునే వంట, వీపున కట్టుకునే వలపని. పాకడం నేర్చుకున్న పిల్ల పాకనివ్వకపోతే ఊరుకుంటుందా, పొద్దంతా రాగం.

మర్నాడు పొద్దున పూసలాయన వాళ్ళ గుమ్మంలో నిలబడ్డాడు. వల ఇమ్మన్నాడు. ఆమె ఆయన్ను చూసి కాలితో ఒక కుప్పను ఆయన వైపు నెట్టింది.

అరుగు మీద కూర్చుని వల విప్పాడు. కన్ను కన్నునూ వేళ్ళమధ్య జార్చాడు. తగిలినదల్లా గుండెను ఒక్కసారి ఆపేది. సీసపు గుండు. గవ్వముక్క. ఎండిన పొలుసు. చొక్కా బొత్తాం. ఒక కుప్ప అయ్యాక ఇంకోటి. రోజూ వచ్చాడు. కొట్టు మూతపడింది. వీధిలోవాళ్ళు మొదట తిట్టారు, తర్వాత విసిగి జోకులు మొదలుపెట్టారు. పూసలాయన ముసలితనంలో కొత్త విద్య పట్టాడు, రేపో మాపో పడవెక్కుతాడన్నారు. ఆయన ఎవరికీ సామెతతో బదులివ్వలేదు. పిల్ల తల్లి మాత్రం ఒక రోజు పక్కనుంచి పోతూ అంది:

"పళ్ళు విరిగితే అడక్కు అన్నారు కదా. అడగను లెండి."

ఆయన వేళ్ళు ఆగాయి, మళ్ళీ కదిలాయి.

భయం రోజుకో వేషం వేసింది. ఎలుక ఎత్తుకుపోయి పిల్ల పక్కలోనే వదిలిందేమో. మొగుడు తీసుకుపోయిన వలతో పోయిందేమో. లేక పిల్ల కడుపులోనే ఎక్కడో ఆగి ఉందేమో, డాక్టరమ్మకు మాత్రం ఏం తెలుసు. ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే పళ్ళ చప్పుడు తనకే వినబడేది. టిక్. కోడలు డబ్బాలోని గింజలను, ఆ దండను నీళ్ళలో బాగా ఉడకబెట్టి, లోతుగా గుంట తీసి పూడ్చేసింది. ఆ గిన్నె కూడా పారేశానంది. ఆయన తల ఊపాడు.

దొరికింది అన్నిటికంటే అడుగున ఉన్న పాత వలలో. వల తేలడానికి బెండు కట్టినచోట దారం ముద్దైపోయి ఉంది. ఆ ముద్దలో నున్నగా ఏదో తగిలింది. ఆయన ఎవర్నీ పిలవలేదు. మెల్లగా చిక్కు విప్పి బయటికి తీశాడు. ఏ రంగో కనబడలేదు. బొత్తాం కావచ్చు, ప్లాస్టిక్ పూస కావచ్చు. పెదవికి ఆనించకూడదని తెలుసు, ఆనించాడు. చల్లగా లేదు. గోటితో వెతికితే బెజ్జం దొరికింది, బెజ్జంలో తన మైనం. గోరును చుట్టూ తిప్పడానికి మాత్రం చాలాసేపు భయపడ్డాడు. తోలు పగిలి ఉంటే, ఒక పక్క కొరికి ఉంటే, అప్పుడేమిటి? తిప్పాడు. నున్నగా ఉంది. మళ్ళీ తిప్పాడు. ఎక్కడా గాటు లేదు.

పిల్ల తల్లి వచ్చి ఆయన అరచేతిలోకి చూసింది. తర్వాత వీపు మీది కట్టు విప్పి, ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి పిల్లను నేలమీద దించింది. పిల్ల ఒక్క క్షణం నమ్మలేనట్టు కూర్చుని, చేతులాన్చి గది అవతలికి పాకిపోయింది.

"దొరికిందిగా. ఇంక రాకండి," అంది తల్లి.

ఆయన లేచాడు. తప్పైందని అనలేదు. అంటే మన్నించాల్సిన పని కూడా ఆమె నెత్తిన పెట్టినట్టే. గింజను గుడ్డముక్కలో మూటకట్టి, తనను తీసుకుపోవడానికి ఒడ్డు పక్కగా వచ్చిన కోడలి చేతికిచ్చాడు.

కొట్టు తెరిచిన రోజు, పూసలాయన భార్య కూర్చునే పీటను దుమ్ము దులిపి కోడలి ముందు పెట్టాడు. మైనం పట్టిన దారం, సూది ఆమె చేతికిచ్చాడు. ముడి చూపిస్తాను కూర్చోమన్నాడు. తర్వాత పళ్ళెంలోంచి గుప్పెడు పూసలు తీసి ఆమె ముందుకు చాపాడు.

"ఇవేం రంగమ్మా?"

కోడలు ఆయన ముఖం వైపు చూడకుండా పూసల వైపే చూసింది.

"నీలం, మామయ్యా."

ఆయన వాటిని నల్లవనుకున్నాడు.

"పెదవికి ఆనించు."

ఆమె ఒకటి తీసి ఆనించింది. "చల్లగానే ఉంది. గాజే."

పక్కవీధిలో ఎవరి పిల్లో ఏడుపు మొదలుపెట్టింది. పూసలాయన తల అటు తిరిగింది. ఏడుపు ఆగేదాకా అలాగే ఉండిపోయాడు.

"ఇంకోటి కూడా చూడు," అన్నాడు.